సెయింట్ థామస్, షార్లెట్ అమాలీలో తక్కువ ధర హోటల్: కొండ మీదా, వాటర్‌ఫ్రంట్‌లోనా, ఎయిర్‌పోర్టు పక్కనా?

పప్పుచారు

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో కరేబియన్‌లో అమెరికా కింద ఉన్న సెయింట్ థామస్ దీవికి వెళ్దామని చూస్తున్నాం. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, మా ఆవిడది దాని మీద వచ్చే హెచ్-4. అత్తయ్య, మామయ్య కూడా వస్తారు, వాళ్లది విజిటర్ వీసా. మామయ్యకి మోకాళ్ల నొప్పులు. రిసార్టుల రేట్లు చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. అందుకని షార్లెట్ అమాలీ ఊళ్లోనే రెండు గదులు, నాలుగు రాత్రులకి, గదికి రోజుకు 170 డాలర్ల లోపు వెతుకుతున్నాం. మూడు రకాలు తేలాయి. ఒకటి పాత ఊరి వెనక కొండ మీద గెస్ట్‌హౌస్, ఫోటోల్లో హార్బర్ అద్భుతంగా ఉంది. రెండోది వాటర్‌ఫ్రంట్ రోడ్డు మీది పాత హోటల్. మూడోది ఎయిర్‌పోర్టు పక్కన, బీచ్‌కి దగ్గర. దేనికి వెళ్లమంటారు? కారు తీసుకోవాలా? మామయ్య పూర్తి శాకాహారి. పాస్‌పోర్టులో నా వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయిపోయింది, అదొక్కటే భయం.

లంగరు

పప్పుచారు గారూ, మోకాళ్ల నొప్పి అన్నారు కాబట్టి మొదటిది ఇప్పుడే కొట్టేయండి. ఆ ఊరి నేల అలాంటిది. హార్బర్ ఒడ్డున సన్నటి చదును పట్టీ, దాని మీద వాటర్‌ఫ్రంట్ రోడ్డు, మెయిన్ స్ట్రీట్, బ్యాక్ స్ట్రీట్. ఆ వెంటనే కొండ నిటారుగా లేస్తుంది. అప్పట్లో ఏలిన డేన్‌లు (డెన్మార్క్ వాళ్లు) అక్కడ వీధులు వేయలేక మెట్లు కట్టారు. వాటిలో పేరున్నవి ‘99 మెట్లు’, లెక్కపెడితే 103 ఉంటాయి! గెస్ట్‌హౌస్ వాళ్లు ‘మెయిన్ స్ట్రీట్‌కి మూడు నిమిషాల నడక’ అంటే అబద్ధం కాదు. అది దిగేటప్పటి లెక్క.

కొండ మీది పాత ఇళ్లకి లిఫ్టు ఉండదు. టాక్సీ గేటు దాకా వచ్చినా గేటు నుంచి రిసెప్షన్‌కి ఒక వరస మెట్లు, అక్కణ్నించి గదికి ఇంకో వరస. మంచి వ్యూ ఉన్న గది అన్నిటికంటే పైన ఉంటుంది. బుకింగ్ సైట్లో ‘గ్రౌండ్ ఫ్లోర్’ అని రాసినా నమ్మొద్దు. కొండవాలు మీద కట్టిన ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ రోడ్డుకి పైనా ఉండొచ్చు, కిందా ఉండొచ్చు. మెయిల్‌లో ఒకటే ప్రశ్న అడగండి: టాక్సీ ఆగే చోటు నుంచి గది మంచం దాకా ఎన్ని మెట్లు? అంకె చెప్పకుండా ‘కొన్నే ఉంటాయి’ అంటే వేరేది చూసుకోండి.

వాటర్‌ఫ్రంట్ హోటల్లో మెట్ల బాధ తక్కువ, కానీ రోడ్డు వైపు గది తీసుకుంటే తెల్లవారకముందే ట్రక్కులు మొదలవుతాయి. వెనక వైపు గది అడగండి, సముద్రం కనిపించదు, నిద్ర పడుతుంది. ఎయిర్‌పోర్టు పక్కనున్నది లిండ్‌బర్గ్ బే. 1928లో ప్రసిద్ధ పైలట్ చార్లెస్ లిండ్‌బర్గ్ విమానం దింపింది అక్కడే, అందుకే ఆ పేరు. చదును నేల, ఇసుక దగ్గర, నీళ్లు నెమ్మదిగా ఉంటాయి. ఊరికి మూడు కిలోమీటర్ల పైచిలుకు. విమానాల మోత ఉంటుంది గానీ అది ఎక్కువగా పగలే. మీ నలుగురికీ నా ఓటు దీనికి, లేదా వాటర్‌ఫ్రంట్ వెనక గదికి.

ఇంకోటి. 170 లోపు అంటే ఫిబ్రవరిలో కష్టం. డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా అక్కడ ఫుల్ సీజన్. ప్రెసిడెంట్స్ డే, అంటే ఫిబ్రవరి మూడో సోమవారం, అటూ ఇటూ ఉన్న వారం తప్పించండి. ఆ వారం అమెరికాలో చాలా స్కూళ్లకి సెలవులు.

ఐ797

కాగితాల సంగతి నేను చెప్తాను.

సెయింట్ థామస్ ఉన్న యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ ఇమ్మిగ్రేషన్ లెక్కలో అమెరికాయే. 1917లో డెన్మార్క్ దగ్గర 25 మిలియన్ డాలర్ల బంగారానికి కొన్నారు. కాబట్టి అక్కడికి వెళ్తే మీరు దేశం దాటినట్టు కాదు, స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయినా స్టేటస్, అంటే అమెరికాలో ఉండే అనుమతి, ఉంటే చాలు. వెళ్లేటప్పుడు ఇమ్మిగ్రేషన్ ఉండదు, మామూలు డొమెస్టిక్ ఫ్లయిటే.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఉంటుంది. కస్టమ్స్ లెక్కలో ఆ దీవులు అమెరికా బయట. అందుకని సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ కంటే ముందు సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) ఆఫీసర్ దగ్గర అందరూ నిలబడాలి. అక్కడ సిటిజన్‌షిప్, స్టేటస్ అడుగుతారు. మీరు: పాస్‌పోర్టు, ఐ-797 (హెచ్-1బి అప్రూవల్ కాగితం) ఒరిజినల్, ఐ-94 (అమెరికాలోకి వచ్చిన రికార్డు) ప్రింటు, ఇటీవలి పే స్లిప్పులు రెండు మూడు. ఆవిడకి: తన పాస్‌పోర్టు, ఐ-94, హెచ్-4 అప్రూవల్ ఉంటే అది, మీ ఐ-797 కాపీ, మ్యారేజ్ సర్టిఫికెట్. పెద్దవాళ్లకి: పాస్‌పోర్టు, అందులో వీసా, గడువు దాటని ఐ-94 ప్రింటు. డ్రైవింగ్ లైసెన్స్, రియల్ ఐడీ ఇక్కడ స్టేటస్‌కి రుజువు కావు. ఇవన్నీ చేతిబ్యాగులోనే ఉండాలి.

ఇక అసలు గొయ్యి పక్కన ఉంది. సెయింట్ థామస్ నుంచి పడవలు బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌కి వెళ్తాయి: టోర్టోలా, యోస్ట్ వాన్ డైక్, వర్జిన్ గోర్డాలో ‘బాత్స్’ అనే బండరాళ్ల బీచ్. అది వేరే దేశం కింద లెక్క. మీరు అక్కడ అడుగుపెట్టి తిరిగొస్తే వాలిడ్ స్టాంప్ కావాలి. ‘ఆటోమేటిక్ రీవాలిడేషన్ (స్టాంప్ గడువు దాటినా తిరిగి రానిచ్చే రూలు) ఉందిగా’ అని ఎవరో ఒకరు చెప్తారు. హెచ్ వాళ్లకి అది కెనడా, మెక్సికోకి మాత్రమే, 30 రోజుల లోపు. చుట్టుపక్కల దీవులకి వర్తించేది ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకి. కాబట్టి డే ట్రిప్ పడవ ఏదైనా బుక్ చేసేముందు ‘బ్రిటిష్ వైపు దాటుతుందా’ అని అడిగి తీరాలి. కొన్ని స్నార్కెలింగ్ పడవలు ఒకే రోజులో రెండు వైపులా తిప్పుతాయి.

ఫ్లయిట్ కూడా చూసుకోండి. చవక టికెట్లలో సెయింట్ మార్టెన్ మీదుగా వెళ్లేవి తగులుతాయి. అదీ విదేశమే. నేరుగా వెళ్లండి, లేదంటే శాన్ హువాన్, మయామీ లాంటి అమెరికా ఎయిర్‌పోర్టు మీదుగా మాత్రమే.

గోంగూర బ్యాచ్

ఐ797 అన్నా, శాన్ హువాన్ నుంచి క్రూజ్ ఎక్కి సెయింట్ థామస్ దిగితే కూడా ఇదే రూలా? మా ఫ్రెండ్స్ గ్రూపులో అందరూ ఓకే అంటున్నారు.

ఐ797

కాదు. ఆ క్రూజ్ మధ్యలో విదేశీ దీవుల్లో కూడా ఆగుతుంది కదా, బార్బడోస్, సెయింట్ లూసియా, ఆంటిగ్వా లాంటివి. అప్పుడు దేశం దాటినట్టే. స్టాంప్ లేకపోతే ఎక్కొద్దు. ఇండియన్ పాస్‌పోర్టుకి ఆ దీవుల వీసా రూల్స్ మళ్లీ విడివిడిగా చూసుకోవాలి. గ్రూపులో గ్రీన్‌కార్డు ఉన్నవాడి మాట హెచ్-1బి వాడికి పనికిరాదు.

నీళ్లట్యాంకు

నీళ్ల గురించి ఎవరూ అడగలేదు, అక్కడ హోటల్ బాగుందా లేదా తేల్చేది అదే.

ఆ దీవిలో నదులు లేవు. ఇళ్ల కప్పు మీద పడ్డ వాన నీళ్లే నేల కింద తొట్టిలోకి వెళ్తాయి, సిస్టర్న్ అంటారు. ఇల్లు కట్టాలంటే తొట్టి ఉండాలన్నది చట్టం. ఊళ్లో కొంత భాగానికి సముద్రపు నీటిని శుద్ధి చేసి పైపుల్లో ఇస్తారు, కానీ కొండ మీది గెస్ట్‌హౌసులు చాలావరకు తొట్టి మీదే బతుకుతాయి. 1,000 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే సుమారు 600 గ్యాలన్లు వస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వానలు తక్కువ, గిరాకీ ఎక్కువ. తొట్టి ఎండితే ట్యాంకర్ తెప్పించాలి, అది ఖరీదు. అందుకే బాత్‌రూమ్‌లో ‘తక్కువ నీళ్లు వాడండి’ అని బోర్డు. అది ఊరికే పెట్టింది కాదు.

అమెరికా షవర్ నిమిషానికి 9 లీటర్లకి పైనే వదలగలదు. పది నిమిషాలు నిలబడితే 90 లీటర్లు దాటిపోయాయి. మన బకెట్ స్నానానికి 20 లీటర్లు చాలు. తడుపుకుని, షవర్ కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పడం అక్కడి పద్ధతి. పెద్దవాళ్లకి బకెట్, మగ్గు కావాలంటే ముందే అడగండి, క్లీనింగ్ బకెట్ కాకుండా వేరేది ఇవ్వగలరేమో.

కరెంటు పోతే నీళ్లు కూడా పోతాయి. ఎందుకంటే తొట్టి కింద ఉంటుంది, నీళ్లు పైకి రావాలంటే పంపు తిరగాలి. పంపు పక్కనుండే చిన్న ప్రెజర్ ట్యాంకులో మిగిలినవి ఒకటి రెండు ఫ్లష్‌లకి వస్తాయి, అంతే. అక్కడ కరెంటు కోతలు మామూలు. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా, మరియా తుపాన్లు రెండు వారాల తేడాతో కొట్టి లైన్లన్నీ నేలమట్టం చేశాయి. తర్వాత చాలా బాగుచేశారు, అయినా కోతలు ఆగలేదు.

కాబట్టి హోటల్‌ని ‘జనరేటర్ ఉందా’ అని అడిగితే సరిపోదు. ఆన్ చేయడానికి మనిషి రావాలా, దానంతట అదే ఆన్ అవుతుందా? పంపు దాని మీద నడుస్తుందా? గదిలో ఏసీ నడుస్తుందా, లైట్లు ఫ్యాన్లేనా? రాత్రి పూట డ్యూటీలో ఎవరైనా ఉంటారా? చిన్న గెస్ట్‌హౌసుల్లో సాయంత్రం అయ్యాక రిసెప్షన్ ఖాళీ, ఫోన్ నంబర్ ఒకటి అంటించి వెళ్తారు.

తాగడానికి గ్యాలన్ బాటిళ్లు కొనుక్కోండి. తొట్టి నీళ్లు ఫిల్టర్, యూవీ లైటు దాటి వస్తున్నాయని చెప్తే తాగొచ్చు, చెప్పకపోతే పళ్లు తోముకోవడానికే.

వేపచెట్టు

నీళ్లట్యాంకు గారి పోస్టు సేవ్ చేసుకున్నా. దోమల సంగతి కూడా కలపండి. ఆ తొట్టి మూత సరిగా లేకపోతే దోమలకి అదే పుట్టిల్లు. డెంగీ ఉన్న ప్రాంతం అది.

నీళ్లట్యాంకు

నిజమే. ఇంకో విషయం, పాత గదుల్లో కిటికీలు గాజు రెక్కలవి, పక్కన చిన్న హ్యాండిల్ తిప్పితే మూసుకుంటాయి. ఉప్పుగాలికి ఆ గేరు పట్టేసి ఒకటి రెండు రెక్కలు అంగుళం తెరిచే ఉండిపోతాయి. ఏసీ 18లో పెట్టినా గది చల్లబడదు, తేమ లోపలికి వస్తూనే ఉంటుంది, దోమలూ వస్తాయి. చెక్-ఇన్ కాగానే సామాను విప్పకముందే ఈ మూడు చూడండి: కిటికీ రెక్కలన్నీ మూసుకుంటున్నాయా, ఏసీ పది నిమిషాల్లో చల్లగాలి ఇస్తోందా, వేడినీళ్ల కుళాయి రంగు లేకుండా వస్తోందా. తేడా ఉంటే అప్పుడే గది మార్చమనండి. రాత్రి తొమ్మిదికి అడిగితే మార్చేవాడు ఉండడు.

ఘాట్‌రోడ్డు

కారు గురించి. అమెరికా జెండా ఎగిరే చోట్లలో ఎడమవైపు నడిపేది యూఎస్ వర్జిన్ ఐలాండ్స్ ఒక్కటే. మనవాళ్లు ‘ఓస్, హైదరాబాద్‌లో నడిపినట్టేగా’ అనుకుంటారు. కాదు. బండ్లు అమెరికా నుంచి వచ్చినవి, స్టీరింగ్ కూడా ఎడమవైపే. అంటే డ్రైవరు గోడకి, కాలవకి ఆనుకుని కూర్చుంటాడు, రోడ్డు మధ్య గీత ఎక్కడుందో పక్క సీట్లో వాళ్లకి బాగా కనిపిస్తుంది. ముందున్న ట్రక్కుని దాటాలంటే ఎదురు రోడ్డు మీకు కనబడదు. కాబట్టి దాటకండి. కుడివైపు తిరిగేటప్పుడే గుర్తు తప్పుతుంది, ఎదురు లేన్‌లోకి పోతారు. పక్కన కూర్చున్నవాళ్లు ‘ఎడమ, ఎడమ’ అంటూ ఉండాలి, మొహమాటం వద్దు.

అక్కడ మలుపులు మన తిరుమల ఘాట్ కంటే ఇరుకు. హెయిర్‌పిన్ ఎక్కుతూ ఆగాల్సి వస్తే బండి వెనక్కి జారుతుంది, చిన్న ఇంజను కారు నలుగురితో, సామానుతో మూలుగుతుంది. కొంచెం ఎత్తుగా ఉండే జీపు లాంటిది తీసుకోండి. అమెరికా స్టేట్ లైసెన్స్ చాలు.

సీజన్లో అద్దె రోజుకు 100 డాలర్లు దాటడం మామూలే. హోటల్ కంటే ముందు కారు బుక్ చేసుకోండి, కార్లే ముందు అయిపోతాయి. పక్క దీవి సెయింట్ జాన్‌కి కారు బార్జి (కార్లు ఎక్కించే పడవ) మీద వెళ్తుంది, కానీ కొన్ని కంపెనీలు ఒప్పుకోవు, అగ్రిమెంటులో చూసుకోండి.

లంగరు

ఘాట్‌రోడ్డు గారితో సగం ఏకీభవిస్తా. నాలుగు రోజులూ కారు అక్కర్లేదు. ఊళ్లోకి క్రూజ్ ఓడలు వచ్చిన రోజున పార్కింగ్ దొరకదు, ఫోర్ట్ క్రిస్టియన్ పక్కన పెద్ద పార్కింగ్ ఉంది, అది కూడా పొద్దున్నే నిండిపోతుంది. గెస్ట్‌హౌసుకి సొంత పార్కింగ్ లేకపోతే రాత్రి కొండ రోడ్డు మీద ఒక చక్రం కాలవలో పెట్టి ఆపాల్సిందే.

అయితే నలుగురికీ టాక్సీ కూడా చవక కాదు. అక్కడ మీటర్ ఉండదు. గవర్నమెంట్ పెట్టిన రేటు పట్టిక ఉంటుంది, అది మనిషికి ఇంత అని. ఒకరికంటే ఎక్కువమంది ఉంటే తలసరి రేటు కొంచెం తగ్గుతుంది, సామానుకి విడిగా. వ్యాన్ నిండేదాకా ఆగి, దారిలో ఒక్కో హోటల్లో ఒక్కో కుటుంబాన్ని దింపుకుంటూ వెళ్తారు. ‘మేమే ముందు ఎక్కాం’ అని గొడవపడి లాభం లేదు. ఎక్కకముందే నలుగురికీ, సామానుకీ కలిపి ఎంతో అడగండి. ఉబర్, లిఫ్ట్ మీద ఆశ పెట్టుకోవద్దు.

అందుకని ఇలా చేయండి: ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి టాక్సీ, ఊళ్లో తిరిగే రోజు కాళ్లు, మేగెన్స్ బే, కోకీ బీచ్‌లకి, తూర్పు కొసన ఫెర్రీ రేవు రెడ్ హుక్ వైపు వెళ్లే రెండు రోజులు మాత్రం కారు.

గోంగూర బ్యాచ్

డాలర్ సఫారీ అని ఒకటి ఉంటుందట కదా? దాన్ని ఎలా పట్టుకోవాలి?

లంగరు

పికప్ ట్రక్కు వెనక బెంచీలు వేసి, పైన కప్పు, పక్కలు తెరిచి ఉంటుంది. చిక్కేంటంటే టూరిస్టు టాక్సీలు కూడా అలాగే ఉంటాయి. ఓడ దగ్గరో, బీచ్ గేటు దగ్గరో నిలబడ్డది టూరిస్టు బండి. ఊరివాళ్లు బస్ స్టాపులో నిలబడి ఎక్కేది డాలర్ బండి. ఎక్కేటప్పుడు ‘ఎంత?’ అని అడగొద్దు, అడిగితే మీరు టాక్సీ అనుకున్నారని టాక్సీ రేటు చెప్పొచ్చు. ‘గుడ్ మార్నింగ్’ అని ఎక్కి కూర్చుని, దిగాల్సిన చోట బజర్ నొక్కి, కిందికి వచ్చి డ్రైవరు కిటికీ దగ్గర చిల్లర ఇవ్వాలి. 20 నోటు తీస్తే విసుక్కుంటాడు, ఒక డాలర్ నోట్లు దగ్గర పెట్టుకోండి.

అవి ఊరి నుంచి హావెన్‌సైట్ ఓడరేవు, ఆసుపత్రి, టూటూ మీదుగా రెడ్ హుక్ రూటులో బాగా తిరుగుతాయి. మేగెన్స్ బేకి వెళ్లవు. చీకటి పడ్డాక తగ్గిపోతాయి. పెద్ద సూట్‌కేసులతో ఎక్కొద్దు. మెట్టు ఎత్తుగా ఉంటుంది, మామయ్య గారికి ముందు వరసే నయం.

ఆ ‘గుడ్ మార్నింగ్’ మాటని తేలిగ్గా తీసుకోవద్దు. షాపులో, రిసెప్షన్‌లో, బండిలో, ఎక్కడైనా ముందు పలకరింపు, తర్వాతే పని. నేరుగా ‘వైఫై పాస్‌వర్డ్?’ అంటే మొహం ముడుచుకుంటారు. సాయంత్రం అయ్యాక ‘గుడ్ నైట్’ అంటే అక్కడ వీడ్కోలు కాదు, పలకరింపు.

వేపచెట్టు

తిండి. మామయ్య గారి కోసం ఇది కాస్త వివరంగా.

మెయిన్ స్ట్రీట్ నగల షాపుల్లో చాలా వరకు సింధీ వ్యాపారులవే, కాబట్టి ఇండియన్ భోజనం ఎక్కడ దొరుకుతుందో వాళ్లనే అడగండి. ఆ క్షణాన తెరిచి ఉన్నది ఏదో వాళ్లకే తెలుసు. ట్రినిడాడ్ పద్ధతి రోటీ షాపులు ఉంటాయి. పెద్ద పల్చటి రొట్టెలో కూర పెట్టి మడిచి ఇస్తారు. ‘చన్నా, ఆలూ మాత్రమే, మాంసం పులుసు పొయ్యకుండా’ అని విడమరిచి చెప్పాలి. లేకపోతే చికెన్ ముక్కలు తీసేసి అదే పులుసు పోస్తారు.

‘ఫుంజీ’ అని మొక్కజొన్న పిండి, బెండకాయ కలిపి ఉడికిస్తారు, మన సంకటి లాగే ఉంటుంది, వెన్న వేస్తారు గానీ మాంసం ఉండదు. దాని పక్కన వచ్చే పులుసు చేపది. ‘కల్లలూ’ ఆకుకూర అని సంబరపడొద్దు, అందులో పంది మాంసమో, పీతలో, చేపో వేస్తారు. అన్నం, చిక్కుడు గింజలు కలిపి వండేదాంట్లో కూడా ఉప్పు మాంసం ముక్క పడే అవకాశం ఉంది, అడగాలి. ‘పాటే’ అంటే వేయించిన కజ్జికాయ లాంటిది, లోపల బీఫ్, ఉప్పు చేప, శంఖు మాంసం. వెజ్ రకం ఉంటే పొద్దున్నే అయిపోతుంది. జానీ కేక్ ఒట్టిది, నూనెలో వేయించిన పిండి, దేంతో చేశారో అడిగి తినొచ్చు.

మార్కెట్ స్క్వేర్ చుట్టుపక్కల చవక హోటళ్లు మధ్యాహ్న భోజనానికే. మూడు దాటితే గిన్నెలు కడిగేస్తారు. ఆదివారం, ఓడ లేని రోజు ఇంకా తొందరగా మూస్తారు. రాత్రికి గదిలోనే ఏదో చేసుకునేలా ఉండాలి.

పప్పుచారు

అంటే రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చా? అత్తయ్య అదే అడుగుతున్నారు.

నీళ్లట్యాంకు

అమెరికాలో కొన్న కుక్కరయితే అదే వోల్టేజి, అదే పిన్ను. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టులది పనికిరాదు. చిన్నది, 500 వాట్ల లోపుది తీసుకెళ్లండి. పాత గదుల్లో ఏసీ, ప్లగ్గులు ఒకే లైను మీద ఉండొచ్చు. ఏసీ, కెటిల్, కుక్కర్ ఒకేసారి పెడితే బ్రేకర్ పడుతుంది, ఆ బ్రేకర్ డబ్బా తాళం వేసిన ఆఫీసులో ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోండి. గదిలో వంట వద్దన్న హోటల్లో పెట్టొద్దు, కిచెనెట్ (చిన్న వంట చోటు) ఉన్న గది అడగండి. తాలింపులు మాత్రం వద్దు, పొగ అలారం మోగుతుంది.

ఐ797

ఆవకాయ చేతిబ్యాగులో పెట్టకండి, సెక్యూరిటీలో అది ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. చెక్-ఇన్‌లో వేయండి. తిరిగొచ్చేటప్పుడు దీవిలో కొన్న పండ్లు, పచ్చి ఆకులు ఏవీ ఉంచుకోవద్దు. సీబీపీ దగ్గరే వ్యవసాయ తనిఖీ ఉంటుంది. మామిడిపండు మీద మమకారం ఉంటే అక్కడే తినేయండి.

ఘాట్‌రోడ్డు

సన్‌స్క్రీన్ కూడా చూసుకుని కొనండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి 2020 నుంచి అక్కడ నిషేధం. జింక్ ఆక్సైడ్ రకం తీసుకెళ్లండి, అక్కడ షాపుల్లో రేటు బాగా ఎక్కువ.

లంగరు

ఇప్పుడు ఓడల క్యాలెండర్. ఆ ఊళ్లో రెండు రేవులు: తూర్పున హావెన్‌సైట్, పడమట క్రౌన్ బే. ఏ తేదీన ఏ ఓడ, ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి వెళ్తుంది అన్న షెడ్యూలు నెలల ముందే నెట్లో దొరుకుతుంది. ఫిబ్రవరిలో ఒకే రోజు నాలుగు పెద్ద ఓడలు వస్తే పది పదిహేను వేల మంది ఆ సన్నటి పట్టీలోకి దిగుతారు. ఆ రోజు మీరు బీచ్‌కి వెళ్లాలన్నా, ఊళ్లో నడవాలన్నా తొమ్మిదిలోపే కానిచ్చేయండి, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. మేగెన్స్ బే నుంచి ఓడల జనం మూడింటికల్లా కదులుతారు. ఓడలు లేని రోజు షాపులు సగం మూసి ఉంటాయి, కానీ ఫోర్ట్, మెట్లు, ఇసుక నేల ఉన్న 1833 నాటి సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ప్రశాంతంగా చూడొచ్చు. చిత్రకారుడు కమీ పిస్సారో 1830లో పుట్టింది ఈ ఊళ్లోనే, మెయిన్ స్ట్రీట్ మీద ఆ ఇంటికి గుర్తు ఉంటుంది.

మీ హోటల్ ఏ రేవుకి దగ్గరో కూడా చూసుకోండి. హావెన్‌సైట్ పక్కన ఉంటే పొద్దున టాక్సీలన్నీ ఓడ జనానికే, మీకు ఆపరు.

చీకటి పడ్డాక సంగతి వేరు. ఐదింటికి ఓడలు వెళ్లిపోతే మెయిన్ స్ట్రీట్ ఖాళీ, లైట్లు తక్కువ. బ్యాక్ స్ట్రీట్ వైపు, మార్కెట్ స్క్వేర్ దాటి పడమటికి రాత్రి నడవొద్దు. భోజనానికి వెళ్తే రెస్టారెంటు వాళ్లనే టాక్సీ పిలవమనండి. పెద్ద మొత్తం నగదు, మెడలో బంగారం గదిలోనే ఉంచండి.

వేపచెట్టు

బంగారం అంటే గుర్తొచ్చింది, అత్తయ్యగారిని ఆ నగల షాపుల వీధిలో ఒంటరిగా వదలొద్దు 😀 మనిషికి 1,600 డాలర్ల దాకా డ్యూటీ లేదు అని షాపువాళ్లు రెచ్చగొడతారు. అమెరికాలో నివసించేవాళ్లకి అది నిజమే, కానీ డ్యూటీ లేనంత మాత్రాన ధర తక్కువని కాదు.

పప్పుచారు

హహ, చెప్తాను. డబ్బు లెక్క ఒకసారి చూడండి. గది 165 చూపిస్తోంది. రెండు గదులు, నాలుగు రాత్రులు, 1,320. ఇంతేనా?

ఘాట్‌రోడ్డు

కాదు. హోటల్ రూమ్ ట్యాక్స్ 12.5 శాతం. 1,320 మీద 165 డాలర్లు. అంటే 1,485. ఆ పైన కొన్ని హోటళ్లు ‘ఎనర్జీ సర్‌చార్జ్’ అని రోజుకింత వేస్తాయి, అక్కడ కరెంటు ఖరీదు కాబట్టి. అది బుకింగ్ సైట్ మొదటి పేజీలో కనిపించదు, చివర చిన్న అక్షరాల్లో ‘హోటల్లో చెల్లించాలి’ అని ఉంటుంది. మెయిల్‌లో మొత్తం ఎంతో రాయించుకోండి. షాపుల్లో మాత్రం బిల్లు మీద సేల్స్ ట్యాక్స్ ఉండదు.

రీఫండ్ లేని రేటు పదో ఇరవయ్యో తక్కువని తీసుకోవద్దు, గది ఫోటోలాగా లేకపోతే కదలలేరు. మొదటి రెండు రాత్రులకే బుక్ చేసి, నచ్చితే పొడిగించడం ఆఫ్ సీజన్లో పనికొస్తుంది, ఫిబ్రవరిలో రిస్కు.

ఇదే ప్లాను ఎవరైనా ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్య పెట్టుకుంటే ధర బాగా తగ్గుతుంది, కానీ తుపాన్లకి అసలు కాలం అదే. అప్పుడు ట్రిప్ ఇన్సూరెన్స్ టికెట్‌తో పాటే కొనాలి. తుపానుకి పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకి పనిచేయదు. ఏప్రిల్ చివర, మే మొదట్లో సెయింట్ థామస్ కార్నివాల్, ఆ వారం ఊరి మధ్య హోటల్లో నిద్ర అనే మాట మర్చిపోవాలి.

ఐ797

అత్తయ్య, మామయ్యల విజిటర్ ఇన్సూరెన్స్ పత్రంలో ‘యూఎస్ టెరిటరీస్’ కవర్ అవుతాయా అని చూడండి. కొన్ని పాలసీల్లో అమెరికా అంటే 50 రాష్ట్రాలే. ఆసుపత్రి ఊరికి తూర్పు చివర ఉంది, అత్యవసరానికి 911 పనిచేస్తుంది. మోకాలి మందులు, బీపీ మాత్రలు రెండు మూడు రోజులు ఎక్కువే పెట్టుకోండి.

ఫోన్ సంగతి: సెయింట్ జాన్ ఉత్తరపు ఒడ్డున మీ ఫోన్ బ్రిటిష్ వైపు టవర్ పట్టుకుంటుంది, ఇంటర్నేషనల్ రోమింగ్ బిల్లు పడుతుంది. ఆ రోజు రోమింగ్ ఆపేయండి.

గోంగూర బ్యాచ్

సెయింట్ జాన్ ఒక్క రోజులో చూడొచ్చా, అక్కడే ఉండాలా?

లంగరు

ఒక రోజు చాలు. రెడ్ హుక్ నుంచి సెయింట్ జాన్‌లోని క్రూజ్ బేకి ఫెర్రీ 20 నిమిషాలు, పొద్దున్నుంచి రాత్రి దాకా గంట గంటకీ ఉంటుంది. ఊళ్లో వాటర్‌ఫ్రంట్ నుంచి కూడా ఉంది గానీ ట్రిప్పులు తక్కువ, సముద్రం మీద ఎక్కువసేపు, వాంతులయ్యే వాళ్లకి రెడ్ హుక్కే మంచిది. పెద్ద బ్యాగుకి విడిగా డబ్బు తీసుకుంటారు. అక్కడ గదులు ఇంకా ఖరీదు, కాబట్టి పడక ఇక్కడే, తిరుగుడు అక్కడ. దీవిలో సగం పైనే నేషనల్ పార్కు. క్రూజ్ బే నుంచి ట్రంక్ బే బీచ్‌కి సఫారీ టాక్సీలు ఉంటాయి.

పప్పుచారు

చివరి డౌట్. మా రిటర్న్ ఫ్లయిట్ శనివారం మధ్యాహ్నం 3:40. చెక్-ఔట్ 11కి. ఎయిర్‌పోర్టుకి ఎప్పుడు బయల్దేరాలి, మధ్యలో సామాను ఎక్కడ పెట్టాలి?

ఐ797

శనివారం అంటే ఆ ఎయిర్‌పోర్టుకి అన్నిటికంటే రద్దీ రోజుల్లో ఒకటి. అమెరికా నగరాలకి వెళ్లే ఫ్లయిట్లన్నీ మధ్యాహ్నం ఒకటి నుంచి నాలుగు మధ్య వరసగా ఉంటాయి, అందరూ ఒకే సీబీపీ లైన్లోకి. మూడు గంటల ముందు, అంటే 12:40కల్లా లోపల ఉండండి. మామయ్య గారికి వీల్‌చెయిర్ ఎయిర్‌లైన్‌కి ముందే రాయించండి, ఆ లైన్లో గంట నిలబడటం మోకాళ్లకి కుదరదు. కారు తిరిగి ఇచ్చేది కూడా శనివారం కాకుండా శుక్రవారం సాయంత్రమే ముగించండి.

లంగరు

లిండ్‌బర్గ్ బే వైపు హోటల్ అయితే ఈ ప్రశ్నే లేదు. 11కి గది ఖాళీ చేసి, సామాను రిసెప్షన్‌లో పెట్టి, అక్కడే తిని, పన్నెండు దాటాక టాక్సీ పిలిపించుకోవచ్చు, ఐదు నిమిషాల దారి. ఊళ్లో గెస్ట్‌హౌస్ అయితే సామాను ఉంచుకుంటారా, ఉంచితే ఆ సమయానికి తాళం తీసే మనిషి ఉంటాడా అని ముందురోజే అడగండి. వాటర్‌ఫ్రంట్ రోడ్డు ఓడల రోజున నత్తనడక, శనివారం షెడ్యూలులో ఓడ ఉంటే 11:30కే కదలండి. టాక్సీని ముందు రాత్రే చెప్పి పెట్టుకోండి, పొద్దున వెతికితే అన్నీ రేవు దగ్గరే ఉంటాయి.

పప్పుచారు

అయితే లిండ్‌బర్గ్ బే వైపే వెళ్తాం. మెట్లు, జనరేటర్, మొత్తం బిల్లు, కిచెనెట్, ఈ నాలుగూ అడుగుతూ ఇవాళే మెయిల్ పెడుతున్నా. జవాబు వచ్చాక ఇక్కడ రాస్తా.

నీళ్లట్యాంకు

కింది అంతస్తు గది అడగండి. పంపు సరిగా లేని రోజు కూడా నీళ్లు ముందు అక్కడికే వస్తాయి.